సున్నా నుంచి మొదలయ్యే క్లాసు



పోస్టు కొంచెం పొడుగుంది, తీరికగ చదవుండ్రి. మేము మోర్తాడ్‌ల హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్నం. గదిల నలుగురం. ఇద్దరం లంబాడ తండా పిల్లలం, ఒకామె నాయక్‌పోడ్, ఒకామె ఆదిలాబాద్ దిక్కు గోండు గూడెం నుంచి వచ్చింది. నలుగురి ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం మేమే. ఈ యేడు రెండు విషయాలు అఆల నుంచి మొదలుపెట్టినం: ఒకటి స్పానిష్, రెండోది లెక్కలు. స్పానిష్ సరదాకు, లెక్కలు గత్యంతరం లేక. రెండూ పక్కపక్కన చదివితే ఒక సంగతి అర్థమైంది, అదే ఇక్కడ రాస్తున్నం.

ముందు స్పానిష్ ముచ్చట. మా కాలేజీల ఈ సబ్జెక్టు లేదు. తెలిసిన ఒక అక్క హైదరాబాద్ తార్నాకల ఉన్న ఇఫ్లూల చదువుతది. అక్కడ స్పానిష్‌ల బీఏ ఉంది, ఇంటర్ అయినోళ్లకు మొదటి అక్షరం నుంచి చెప్తరు. సెలవులకు వచ్చినప్పుడు ఆమె మాకు ఒకటి నుంచి పది వరకు నేర్పింది. త్రేస్ అన్నది, మూడు. సియెతే, ఏడు. నువేవే, తొమ్మిది. దియెస్, పది. తండా పిల్లలం ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. గోర్ బోలిల మేము ఇంట్ల లెక్కపెట్టేది తీన్, సాత్, నవ్, దస్ అనే కదా!

ఇది ఊకెనే కలిసింది కాదు. గోర్ బోలి, హిందీ, స్పానిష్, ఇంగ్లిష్ అన్నీ ఇండో యూరోపియన్ అనే ఒకే పెద్ద కుటుంబంల పుట్టినయి. తెలుగుది, గోండిది ద్రావిడ కుటుంబం. అందుకే మా గోండు దోస్తు రండ్, ముండ్, నాలుంగ్ అని లెక్కపెడితే తెలుగు రెండు, మూడు, నాలుగు పక్కనే కూసున్నట్టు వినిపిస్తది. ఎనిమిదిని వాళ్లు అర్ముర్ అంటరు. ఆ రోజు నుంచి ఆర్మూర్ బస్సు ఎక్కినప్పుడల్లా మాకు నవ్వే.

ఇంకోటి చూడుండ్రి. తెలుగుల పొడుగు పిల్లగాడు, పొడుగు పిల్ల అంటం, ‘పొడుగు’ మారదు. గోర్ బోలిల నల్లగుర్రం మగదైతే కాళో ఘోడో, ఆడదైతే కాళీ ఘోడీ. స్పానిష్‌ల పొడుగు పిల్లగాడు నిఞో ఆల్తో, పొడుగు పిల్ల నిఞా ఆల్తా. మగ మాటకు చివర ‘ఓ’ రావుడు అక్కడా ఉంది, మా అవ్వ నోట్లా ఉంది. సిటీల ఇంగ్లిష్ మీడియం చదివినోళ్లు కూడా బట్టీ కొట్టే ఈ రూలు మాకు పుట్టుకతోనే వచ్చింది. చిన్నప్పుడు అఆలల్ల ఎందుకు నేర్చుకున్నమో తెలియని ‘ఞ’ అక్షరానికి కూడా ఇన్నేండ్లకు పని దొరికింది.

చిన్నప్పుడు ఒక బడిల తండా మాట మాట్లాడితే మమ్మల్ని గోడ దగ్గర నిలబెట్టిన్రు. మన బోలికి సొంత లిపి లేదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్ల ఉన్న 22 భాషలల్ల పేరు లేదు. కానీ ఇరవై దేశాలల్ల అధికార భాషగ ఉన్న స్పానిష్ నేర్చుకోను అదే బోలి మాకు నిచ్చెన అయింది. స్పానిష్ క్లాసుల ఎవరూ వెనకబడి ఉండరు. ఎవరికీ ఏమీ రాదని సారుకు ముందే తెలుసు కాబట్టి అందరినీ ఒకే గీత మీద నిలబెట్టి మొదలుపెడతడు.

లెక్కల క్లాసు అట్ల కాదు. మేము ఇంటర్ల సీఈసీ తీసుకున్నం, రెండేండ్లు లెక్కల మొఖం చూడలే. బీకాంల బిజినెస్ స్టాటిస్టిక్స్ వచ్చింది. సగటు, శాతం, భిన్నాలు అందరికీ వచ్చినట్టే అనుకొని పాఠం నడుస్తది. మనకు ఇరిగింది ఆరో తరగతి మెట్టు, వాళ్లు చెప్పేది పదిహేనో మెట్టు. మధ్యల మెట్లు లేవని నోరు తెరిచి అడగబుద్ధి కాదు. పోయిన యేడు పక్క గది చెల్లె రెండు బ్యాక్‌లాగులు పడంగనే మూట కట్టుకొని ఇంటికి పోయింది. ఇంట్ల పెండ్లి చూపులు మొదలైనయి. తెలివి తక్కువై పోలేదు, కింది మెట్టు ఎవరూ చూపియ్యక పోయింది.

అమెరికాల కమ్యూనిటీ కాలేజీలు ఉంటయి, రెండేండ్ల చదువు. అసుంటి మొదటి ప్రభుత్వ కాలేజీ 1901ల జోలియెట్ అనే ఊర్ల పెట్టిన్రు. పని చేసుకునేటోళ్లు, ఇంట్ల మొదటిసారి కాలేజీకి వచ్చినోళ్లు అక్కడ ఎక్కువ. చాలా చోట్ల మొదటి మెట్టు స్పానిష్, మొదటి మెట్టు లెక్కలు ఒకే టైంటేబుల్ల పక్కపక్కన ఉంటయి. స్పానిష్ రాకపోవుడు ఎట్ల తప్పు కాదో, భిన్నాలు మళ్లీ నేర్చుకునుడు అట్లనే తప్పు కాదన్నట్టు. మన కాలేజీలకు కావల్సింది గా పద్ధతి.

మేము కాలేజీల లేని ఆ క్లాసు గదిలనే పెట్టుకున్నం. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పుస్తకాలు తెచ్చుకున్నం. 2022-23 నుంచి సర్కారు బడి పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ వస్తున్నయి. తెలుగుల అర్థం చేసుకొని, అదే మాట ఇంగ్లిష్‌ల ఏమంటరో పక్కనే చూసుకోవచ్చు. అయితే మాకు లెక్క నిజంగ ఎక్కింది మాత్రం పసుపుతోని.

మోర్తాడ్, ఆర్మూర్ దిక్కు అందరికీ తెలుసు: పచ్చి పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ కొట్టేసరికి ఐదో వంతు అటు ఇటు మిగులుతది. ఐదో వంతంటే 20 శాతం. 50 క్వింటాళ్ల పచ్చి పసుపుకు 10 క్వింటాళ్లు. 18 శాతమే వస్తే 9 క్వింటాళ్లు. రెండు శాతమే కదా అనిపిస్తది, పోయింది మాత్రం ఒక క్వింటాలు.

సగటు ఇంకా మంచిగ అర్థమైంది. 8 క్వింటాళ్ల కాడి 13,000 లెక్కన, 2 క్వింటాళ్ల గోల 11,000 లెక్కన అమ్మినం అనుకుందాం. రెండు ధరలు కూడి సగం చేస్తే 12,000. కానీ చేతికి వచ్చేది 1,04,000, 22,000 కలిపి 1,26,000. పది క్వింటాళ్లకు పంచితే 12,600. ‘సగటు 12,000’ అనుకొని ఒప్పుకుంటే 6,000 పోయినయి. పుస్తకంల దీన్ని భారిత సగటు అంటరు. కౌలు చేసే మా అమ్మకు ఆ పేరు తెలియదు, కానీ లెక్క చెప్పంగనే “గంతేనా, కాడి ఎక్కువుంటే ధర దాని దిక్కే గుంజుతది” అన్నది. లెక్చరర్ చెప్పినప్పుడు అర్థం కానిది అమ్మ ఒక్క మాటల చెప్పింది.

అందుకే మీ అందరికీ ఒక్క మాట. క్లాసుల ఒక్కరు లేచి “రాదు సార్” అంటే నవ్వుతరు. పది మంది సంతకం పెట్టి మొదటి మెట్టు నుంచి పదిహేను రోజులు క్లాసు పెట్టుమని ప్రిన్సిపాల్‌కు కాగితం ఇస్తే అది కోరిక అయితది. మేము ఇచ్చినం, ఇంకా జవాబు రాలే, మళ్లీ ఇస్తం. గ్రూప్స్, బ్యాంకు, ఎస్సెస్సీ ఏది రాసినా అరిథ్మెటిక్ ఉండనే ఉంటది, ఇప్పుడు తప్పించుకున్నా అప్పుడు తప్పదు. ఇంటర్ చదివే చెల్లెండ్లు భాషల మీద ఇష్టముంటే ఇఫ్లూ నోటిఫికేషన్ చూస్తుండుండ్రి. ఇంట్ల మన బోలి మాట్లాడుడు మాత్రం బంద్ చెయ్యకుండ్రి.

ఇంటికి పోయిన చెల్లెకు వారానికి మూడు రాత్రులు ఫోన్‌ల భిన్నాలు చెప్తున్నం. మొన్న బ్యాక్‌లాగ్ పరీక్ష ఫీజు కట్టింది. పెండ్లి చూపులు పరీక్షల తర్వాత అని వాళ్ల నాయినను ఒప్పిచ్చింది. నిన్న రాత్రి శాతాలు మొదలుపెట్టినం.