చలి చేసిన తీపి

నర్సీపట్నం దాటి ఘాటురోడ్డు ఎక్కేసరికి ఇంకా చీకటిగానే ఉంది. కారు అద్దాలకి లోపలివైపు ఆవిరి పడుతోంది. డ్రైవరు తువ్వాలుతో తుడుచుకుంటూ, "ఇదేటి సలండమ్మా, పైకెల్తే గెడ్డి మీద తెల్లగా పేరుకుంటాది, సూద్దురు గాని" అన్నాడు. జనవరి మొదటివారం. విశాఖలో ముందురోజు సాయంత్రం సముద్రపు ఒడ్డున పల్చటి నేతచీరతో తిరిగినదాన్ని, ఇక్కడ రెండు స్వెటర్లు వేసుకుని, తలకి మఫ్లరు చుట్టుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాను.

మేము వెళ్తున్న లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో, చింతపల్లి మండలంలో ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని తెల్లవారుజాముల్లో ఇక్కడ ఉష్ణోగ్రత సున్నా దగ్గరదాకా దిగుతుంది. మేము వెళ్ళిన రోజున పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, పదడుగుల దూరంలో ఉన్న టీ బడ్డీ కనపడలేదు, దాని స్టవ్వు చప్పుడు మాత్రం వినిపించింది. వెలుగు వచ్చాక స్ట్రాబెర్రీ తోటల దగ్గరికి వెళ్ళాం. బోదెల మీద పరిచిన నల్ల ప్లాస్టిక్ కాగితం నిండా మంచు బిందువులు. అక్కడక్కడ గడ్డి పరకల మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి పొర. కోసిన పళ్ళు చిన్నవి, కొంచెం పులుపు. కానీ చలికి మొద్దుబారిన నాలుక మీద ఆ పులుపు చటుక్కున తగిలి, వెనకాలే తీపి వచ్చింది. ఊళ్ళో దుకాణాల్లో డబ్బాలో అమ్మే పళ్ళలో ఆ రుచి నాకు ఎప్పుడూ దొరకలేదు.

పర్యాటకులు మబ్బుల ఫోటోల కోసం వస్తారు. ఫోటోలు బాగానే ఉంటాయి. నాకు మాత్రం చింతపల్లి దారిలో సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియం తీగలూ, వాటి నీడలో ఎర్రగా పండిన కాఫీ పళ్ళూ, ఇళ్ళ ముందు కళ్ళంలో ఆరబోసిన గింజలూ ఎక్కువ నచ్చాయి. ఒక ఇంటి ముందు నెగడు చుట్టూ నలుగురు కూర్చున్నారు. నిప్పుల్లో చిలగడదుంపలు పెట్టారు. అడగకుండానే ఆ ఇంటి ముసలమ్మ ఒకటి తీసి, బూడిద దులిపి, "సల్లారకముందే తినీయమ్మా" అని నా చేతిలో పెట్టింది. పైతొక్క నల్లగా మాడింది, లోపల ముద్దగా, తేనె కారినట్టు ఉంది.

మధ్యాహ్నానికి కొండ దిగి చోడవరం వైపు వచ్చాం. అనకాపల్లి చుట్టుపక్కల బెల్లం వండే రోజులవి. పుట్టిపెరిగిన ప్రాంతమే అయినా, గానుగ దగ్గర నిలబడి వంట మొదటినుంచి చివరిదాకా చూసి చాలా ఏళ్ళయింది. దూరంనుంచే వాసన తగులుతుంది. పచ్చి చెరకు వాసన కాదు, కాగిన రసం, కాలిన పిప్పి, తడిమట్టి కలిసిన వాసన.

బెల్లం వండే పెద్దాయన అరవై దాటినవాడు. పెనం అంచున నిలబడి, కళ్ళు రసం మీదనుంచి తిప్పకుండానే మాట్లాడాడు. రసం వడగట్టి పెద్ద పెనంలో పోస్తారు. ఎండబెట్టిన పిప్పినే పొయ్యిలోకి తోస్తారు. కాగుతుంటే పైకి తేలే మడ్డిని జల్లెడ గరిటెతో తీసేస్తూ ఉంటారు. సున్నపు తేట కొంచెం పడుతుంది. బెండకాడలు నలిపిన జిగురు పోస్తే మురికి త్వరగా విడుతుంది. ఈసారి పంట ఎలా ఉందని అడిగాను.

"సలి బాగా పట్టిందమ్మా ఈ ఏడు. సలి పట్టకపోతే సెరుకు ఎంత ఎత్తు పెరిగినా నీల్లే గానీ పస రాదు."

ఆయన చెప్పింది శాస్త్రం ఒప్పుకునే మాటే. రాత్రులు చల్లబడితే చెరకు ఎదుగుదల మందగిస్తుంది. ఆకులు తయారుచేసిన చక్కెర కొత్త కణుపులు వెయ్యడానికి ఖర్చు కాకుండా గడలోనే నిలవపడుతుంది. 1913 నుంచి అనకాపల్లిలో చెరకు మీద పరిశోధన సాగుతోంది. ఆ పరిశోధన లేని కాలంలో కూడా రైతులు చలిరోజుల్లో కొట్టిన చెరకు బెల్లాన్నే మంచి బెల్లం అనేవారు.

పాకం దగ్గరపడ్డాక ఆయన గరిటెతో ఇంత తీసి చన్నీళ్ళ గిన్నెలో వేశాడు. వేళ్ళతో ఉండ చేసి, గిన్నె అంచుకి కొట్టి చూశాడు. ఆ తర్వాత పెనం దించడం, తెడ్లతో తిప్పడం, దిమ్మలకి పోయడం అంతా హడావిడిగా జరిగిపోయింది. ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. పెనం అడుగున మిగిలిన వేడి పాకాన్ని చెరకు ముక్కతో గీరి ఇచ్చారు. నోరు కాలింది, అయినా వదిలిపెట్టలేదు.

ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. మార్కెట్లో పసుపుపచ్చగా మెరిసే దిమ్మకే ధర ఎక్కువ. ఆ రంగు కోసం చాలాచోట్ల హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. కలపని బెల్లం గోధుమరంగులో, కొంత నల్లగా ఉంటుంది, వాసన నాలుగింతలు ఉంటుంది. కొనేవాళ్ళు రంగు చూసి పక్కన పెట్టేస్తుంటే రైతు ఏం చేస్తాడు? ఇంట్లో వాడుకోడానికి మాత్రం తాను ఏదీ కలపని దిమ్మనే ఉంచుకుంటాడు. ఆ పెద్దాయన నాకు ఇచ్చింది ఆ దిమ్మలోదే. అందులో ఒక ముక్క కాగితంలో చుట్టి, మార్చిలో చెల్లెలి దగ్గరికి మాంట్రియల్ వెళ్ళే పెట్టెలో పెట్టాను.

అంతకుముందు అమ్మ దగ్గర పండగ. అరిసెలూ, పోకుండలూ, కాల్చిన తేగలూ. ఒకే చలిమిడిని మా ఉత్తరాంధ్రలో చేత్తో తట్టి నూనెలో వేస్తే అరిసె, ఉండచేసి వేస్తే పోకుండ. తేగల పాతర తవ్వే పని ఇప్పటికీ పిల్లలదే. మట్టిలోంచి ఊడదీసిన బుర్రలు కొట్టుకుని లోపలి గుంజు తినడానికి వాళ్ళలో వాళ్ళకి తగువులు. తేగలు ఈ చలిరోజులు దాటితే పీచు పడిపోతాయి. ఏడాది పొడుగునా దొరికేవాటి మీద మనకి ఇంత ఆత్రం ఉండదు.

మాంట్రియల్‌లో దిగింది మార్చి రెండోవారంలో. మన క్యాలెండరు ప్రకారం ఎండలు మొదలయ్యే రోజులు. అక్కడ వీధి పక్కన మంచు నడుము ఎత్తున పోగుపడి, పైన మసి పట్టి ఉంది. సగటున ఏడాదికి రెండు మీటర్ల పైచిలుకు మంచు కురిసే ఊరు అది. మా చెల్లెలు ఉండే వీధిలో ఇళ్ళకి మేడమెట్లు బయటే ఉంటాయి. ఇనుప మెట్లు, వంపు తిరిగి, గడ్డకట్టిన మంచుతో. "అక్కా, కమ్మీ వదలకు" అని వెనకనుంచి చెబుతూనే ఉంది. లంబసింగి చలి తడిగా ఒంటికి అంటుకుంటుంది. ఈ చలి పొడి. ముక్కుపుటాల లోపల తడి గడ్డకట్టడం ఊపిరి పీల్చినప్పుడల్లా తెలుస్తుంది. మైనస్ పన్నెండు అని ఫోన్లో చూసి నేను బెదిరిపోతే, మా చెల్లెలి పదేళ్ళ కూతురు బొత్తాలు కూడా పెట్టుకోకుండా బడికి పరుగెత్తింది.

"ఇది చలి కాదు పెద్దమ్మా, ఇంక చక్కెర గుడిసెలు తెరిచేస్తారు" అంది. మేపుల్ చెట్ల రసం కాచి సిరప్ చేసే చోట్లవి. వాళ్ళ లెక్కలో మార్చి అంటే అదే.

ఆదివారం నాడు సెయింట్ లారెన్స్ నది మీద షాంప్లేన్ వంతెన దాటి, మోంట్ సేంట్ గ్రెగ్వార్ వైపు అలాంటి ఒక గుడిసెకి వెళ్ళాం. గంట ప్రయాణం కూడా లేదు. నది మీద మంచు పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కదులుతున్నాయి. ఆ తర్వాత బల్లపరుపు పొలాలు, తెల్లగా, వాటి మధ్య ఒంటరిగా ఒక గుట్ట. గుట్ట చుట్టూ మేపుల్ అడవి. ఆకు ఒక్కటి లేదు. చెట్టునుంచి చెట్టుకి నీలిరంగు సన్నటి గొట్టాలు. కొన్ని పాత చెట్లకి మాత్రం, వచ్చినవాళ్ళు చూడడానికి కాబోలు, మూతపెట్టిన రేకు బకెట్లు వేలాడదీశారు. ఒక మూత ఎత్తి చూశాను. లోపల నీళ్ళే. వేలు ముంచి నాకితే తీపి ఉందా లేదా అని అనుమానం వచ్చేంత తీపి. ఆ నీటిలో చక్కెర రెండు శాతం.

ఆ చెట్టు కథ విన్నాక నాకు చోడవరం పెద్దాయన మాట గుర్తొచ్చింది. వేసవిలో ఆకులు చేసిన పిండిని మేపుల్ చెట్టు కాండంలో దాచుకుంటుంది. చలికాలంలో అది చక్కెరగా మారుతుంది. రాత్రి గడ్డకట్టే చలి, పగలు మంచు కరిగే ఎండ, రెండూ ఉంటేనే రసం దిగుతుంది. రాత్రి చెట్టు లోపలి వాయువులు కుంచించుకుని వేళ్ళనుంచి నీటిని పైకి లాక్కుంటాయి. పగటి వెచ్చదనానికి లోపల ఒత్తిడి పెరిగి రసం బయటికి తన్నుకొస్తుంది. మొగ్గ విచ్చుకోవడం మొదలైతే రుచి చెడిపోతుంది, ఇక బకెట్లు దించేస్తారు. మొత్తం కలిపి కొద్ది వారాలే. ఈ విద్య ఆ నేల మీద మొదటినుంచీ ఉన్న ఆదివాసులది. వలస వచ్చిన ఫ్రెంచివాళ్ళు వాళ్ళ దగ్గర నేర్చుకున్నారు. ఈనాడు ప్రపంచంలో తయారయ్యే మేపుల్ సిరప్‌లో దాదాపు 70 శాతం ఒక్క క్యుబెక్ రాష్ట్రానిదే.

గుడిసె అంటారు గానీ, అది వంద మంది కూర్చునే చెక్క హాలు. పొడుగు బల్లలు, బల్ల మీద పళ్ళేలు వస్తూనే ఉంటాయి. "అక్కా, బఠాణీ సూపులో పందిమాంసం ఉంటుంది, చిక్కుళ్ళలోనూ ఉంటుంది" అని చెల్లెలు ముందే హెచ్చరించింది. నాకు పొంగిన ఆమ్లెట్టు, పెనం అట్లు మిగిలాయి. చాలు. వాటన్నిటి మీదా సిరప్ పోసుకుంటున్నారు. ఒకాయన రెండు చెక్క చెంచాలు మోకాలి మీద కొట్టి తాళం వేస్తుంటే ముసలివాళ్ళు లేచి నాట్యం చేశారు. ఆరునెలలు తలుపులు మూసుకుని గడిపినవాళ్ళ సంబరం అది.

నా కాళ్ళు మాత్రం వెనకగదిలోకి లాగాయి. అక్కడ కట్టెల పొయ్యి మీద పొడుగాటి ఉక్కు తొట్టె, దాన్నిండా కాగుతున్న రసం, కప్పులోని కంతనుంచి ఎగిసిపోతున్న ఆవిరి. నలభై లీటర్ల రసం మరిగితే ఒక లీటరు సిరప్ దక్కుతుంది. చెరకు రసంతో పోలిస్తే ఎంత కట్టె, ఎంత ఓపిక! తొట్టె దగ్గర నిలబడ్డ తాత కూడా కళ్ళు రసం మీదనుంచి తిప్పలేదు. నేను సంచిలోంచి కాగితం విప్పి బెల్లం ముక్క ఆయన చేతిలో పెట్టాను. ఆయన వాసన చూసి, అంచు కొరికి, కళ్ళు మూసుకుని చప్పరించి, ఫ్రెంచిలో ఏదో అడిగాడు.

"ఇది ఏ చెట్టుది అంటున్నాడు పెద్దమ్మా."

చెట్టు కాదు, గడ్డి జాతి అని చెప్పించాను. చలికాలంలోనే వండుతామని కూడా చెప్పించాను. ఆయన నవ్వి, గోడ బీరువాలోంచి నాలుగు సీసాలు తీసి వరసగా కిటికీ మీద పెట్టాడు. సీజను మొదట్లో దిగిన రసంతో చేసింది బంగారురంగు. చివరివారాలది దాదాపు నలుపు. రంగుని బట్టే సీసా మీద తరగతి రాస్తారు. ముదురురంగుదాని రుచి గాఢంగా ఉంటుందని తెలిసి అడిగి కొనుక్కునేవాళ్ళున్నారు. ఆయన వేలు నల్లటి సీసా మీద ఆగింది, తర్వాత నా బెల్లం ముక్క మీద. ఆ రెండింటి రంగూ ఒకటే. మన రైతు దిమ్మల మీద కూడా ఇలా ఉన్న రంగు ఉన్నట్టు రాసి అమ్ముకునే రోజు రావాలని నాకు అప్పుడు గట్టిగా అనిపించింది.

బయట చెక్కతొట్టెలో శుభ్రమైన మంచు నింపి ఉంచారు. సిరప్‌ని ఇంకా కాచి, సుమారు 113 డిగ్రీల వేడి దగ్గర దించి, మంచు మీద చారలుగా పోస్తారు. పోసిన క్షణంలోనే అది సాగే బంకలా బిగుస్తుంది. పుల్లతో చుట్టుకుని తినాలి. పళ్ళకి చలి, నాలుకకి వెచ్చన, రెండూ ఒకేసారి. రెండో పుల్ల చుట్టుతుంటే తెలిసింది: ఇది మన ఉండపాకమే. అరిసెలకి అమ్మ చూసే పాకం, గానుగ దగ్గర పెద్దాయన చన్నీళ్ళలో వేసి చూసిన పాకం, కొన్ని డిగ్రీలు అటూఇటూగా ఈ వేడి దగ్గరే నిలుస్తాయి. మనకి మంచు లేదు కాబట్టి గిన్నెలో చన్నీళ్ళు పెట్టుకున్నాం, అది పరీక్షగా మిగిలింది. వాళ్ళకి గుమ్మంలో మంచు ఉంది కాబట్టి ఆ పరీక్షే తినుబండారమైంది.

ఇంటికొచ్చాక చెల్లెలు ఊరుకోలేదు. మిగిలిన బెల్లాన్ని నీళ్ళు పోసి కరిగించి, వడగట్టి, పాకం పట్టింది. రాత్రి కురిసిన కొత్త మంచు బాల్కనీలో పళ్ళెంలోకి ఎత్తాం. మొదటిసారి పోసింది లేతగా ఉండి మంచులోకి ఇంకిపోయింది. ఇంకో రెండు నిమిషాలు కాచి పోస్తే చక్కగా నిలిచింది, మేపుల్ కన్నా కొంచెం గట్టిగా, పళ్ళకి అతుక్కునేలా. పైన యాలకుల పొడి, వేయించిన నువ్వులు చల్లింది. దాని కూతురు ఎదురింటి స్నేహితురాళ్ళని పిలుచుకొచ్చింది. అయిదు నిమిషాల్లో పళ్ళెంలో మంచు తప్ప ఏమీ మిగల్లేదు.

"అక్కా, వచ్చే సంక్రాంతికి అరిసెలు పంపకపోయినా ఫరవాలేదు. ఆ నల్లబెల్లం మాత్రం రెండు దిమ్మలు పంపించు" అంది, చేతులు తుడుచుకుంటూ.

చోడవరం పెద్దాయనకి ఫోను చేసి ముందే చెప్పి ఉంచాను.