గిన్నెకోళ్ల గృహప్రవేశము

మా పెరటిలోని యావునకు పిడుదులు పట్టి యెంతకును వదలకుండెను. గిన్నెకోళ్లు గడ్డిలోని పిడుదులను, పురుగులను ఏరి తినునని ఒక యాంగ్లగ్రంథమున చదివియుంటిని. చదివినదానిని పరీక్షింపక యుండలేకపోవుట బడిపంతుళ్ల దౌర్బల్యము. గడచిన మాఘమాసమున సంతకు పోయి, ఎనిమిది పక్షులను గంపలో పెట్టుకొని వచ్చితిని.

ఈ పక్షి జన్మభూమి ఆఫ్రికాఖండము. బూడిదవన్నె యీకలపై ముత్యములు చల్లినట్లు తెల్లని చుక్కలుండును. మెలియాగరను వీరుడు మరణింపగా అతని తోబుట్టువులు దుఃఖముచే నీ పక్షులైరని గ్రీకుల కథ. ఆ చుక్కలు వారి కన్నీటిబొట్లని చెప్పుదురు. మన దేశమున బరేలీకడ ఇజ్జత్‌నగరమందలి కేంద్ర పక్షి పరిశోధనాలయమువారు దీనిలో మూడు రకములను వృద్ధిచేసి కాదంబరి, చితాంబరి, శ్వేతాంబరి యని పేరులిడిరి. సంస్కృతము చదివిన నాకు ఆ పేరులు విన్నంతనే సగము మనసు కరగినది.

క్రొత్తయింట మూడునిద్రలు చేసినవిగదా యని నాలుగవనాటి యుదయమున గూటితలుపు తెరచితిని. ఎనిమిదియు ఒక్కపెట్టున గోడ దాటినవి. ప్రొద్దుక్రుంకువేళకు పొరుగువారి యరుగుపై మూడు చిక్కినవి. రెండు చింతచెట్టెక్కినవి, తెల్లవారిచూడగా చెట్టుక్రింద ఈకలు మాత్రముండెను. తక్కినవి యేమైనవో దేవునికెరుక.

పక్షుల నమ్మిన ముసలివాడు నా మాట విని నవ్వినాడు. “నెలన్నర లోపల ఉంచాల, పంతులుగారూ. తరువాత ముందుగా ఒకదాన్ని వదలండి. మిగిలినవి లోపలినుంచి పిలుస్తుంటే అది దూరం పోదు. సందెవేళ సజ్జలు చల్లి మీరూ పిలవండి.”

మరి మూడింటిని కొని, యతడు చెప్పినట్లే చేసితిని. ప్రతి సాయంకాలము నేనే పోయి, ఒకే కేక వేసి సజ్జలు చల్లుచుంటిని. నెలన్నర గడచినపిమ్మట ఒకదానిని, నాలుగుదినములకు రెండింటిని, తుదకన్నింటిని వదలితిని. దీపములు పెట్టువేళకు ఆరును గూటికి చేరినవి.

ఆ రాత్రి భోజనమువేళ నా యోర్పును నేనే పొగడుకొనుచుంటిని. నా భార్య మజ్జిగ వడ్డించుచు మెల్లగా, “పక్షులకు నెలన్నర గడువిచ్చినారు. ఆ పిల్లకు మనమెన్ని దినములిచ్చితిమండీ?” అనెను.

ఆ మాఘముననే మా తమ్మునికి వివాహమైనది. మరదలు ఇంటిలో కలియదని, పుట్టింటినుండి ఫోను వచ్చిన కన్నీరు పెట్టునని మా యమ్మ సణుగుచుండెను. నేనును తమ్మునితో, “నెల దాటినది, ఇంకను పుట్టింటి ధ్యాస యేమి?” అని యంటిని. సభలలో స్త్రీస్వాతంత్ర్యమునుగూర్చి ముచ్చటించు నోటితోనే యంటిని! ముద్ద గొంతు దిగలేదు.

పాఠకులు నన్ను అపార్థము చేసికొనవలదు. కోడలిని గూటిలో పెట్టవలెనని నా భావము కాదు; మన పెద్దలు చేసినది సరిగా నదియే. తలుపు మూయుటయను మొదటి సగమును వారు చక్కగా పాటించిరి. చేతులార గింజలు చల్లుట, పేరుపెట్టి పిలుచుట, తుదకు తలుపు తెరచుట యను రెండవ సగమును మరచిరి. పక్షికి మాట తెలియదు గనుక గడియ కావలసివచ్చెను. మనుష్యునకు కావలసినది గడువు. వెలుపలి పక్షిని నిలిపినది గూడు కాదు, లోపలినుండి పిలిచిన తనవారి కంఠము. మా యింట నా మరదలిని పిలుచు కంఠమేది?

మరునాడు తమ్ముని పిలిచి, ఆమెను పుట్టింట దిగవిడిచి రమ్మంటిని. తిరుగుదినమును ఆమెయే నిర్ణయించుకొనవలెనంటిని. “మంచిరోజైనను చూడక పంపితివి, రాకపోయిన నేమి చేతువురా?” అని అమ్మ భయపడెను. నాకును భయము లేకపోలేదు. ఆ దినములలో అమ్మయే రెండుమార్లు ఫోను చేయించి, “ఎట్లున్నావమ్మా?” అని యడిగెను.

తొమ్మిదవనాడు సాయంకాలము, నేను పెరటిలో సజ్జలు చల్లుచుండగా, మరదలు వాకిటినుండి నేరుగా నచ్చటికి వచ్చెను. వచ్చినప్పటినుండి నాతో నొక్కమాటైన పలుకని యా పిల్ల, “బావగారూ, అన్నీ వచ్చినాయా?” అని యడిగెను.

ఇద్దరమును లెక్కించితిమి. ఆరును ఉన్నవి.