బాలిలో తాళి... మానవపాడులో సాక్షి

మా పెళ్లి నవంబర్‌లో బాలిలో, సముద్రం ఒడ్డున జరిగింది. మంగళసూత్రం, ఏడడుగులు, తలంబ్రాలు... అన్నీ ఉన్నాయి. పంతులుగారిని కూడా ఇక్కణ్నుంచే తీసుకెళ్లాం. లేనిదల్లా ఒక్కటే, పనికొచ్చే కాగితం!

ఆ సంగతి జనవరిలో బయటపడింది. నాకు లండన్‌లో ఉద్యోగం వచ్చింది. నా భార్యకు డిపెండెంట్ వీసా కావాలంటే మ్యారేజ్ సర్టిఫికెట్ పెట్టాలి. రిసార్టు వాళ్లిచ్చిన బంగారు అంచు సర్టిఫికెట్‌ని ధీమాగా లాయర్ గారి ముందుంచాను. ఆయన ఓసారి చదివి, "ఫ్రేము కట్టించుకో బాబూ, వీసాకి పనికిరాదు" అన్నారు.

ఇండోనేషియాలో 1974 నాటి వివాహ చట్టం ప్రకారం మతాచారంతో పెళ్లి చేసుకున్నాక, అక్కడి ప్రభుత్వ రిజిస్టర్‌లో నమోదు చేయించాలి. విదేశీయులైతే పెళ్లికి అడ్డంకి లేదని తమ దేశ కాన్సులేట్ నుంచి పత్రం తేవాలి. మేం ఇవేవీ చేయలేదు. ప్యాకేజీలో 'సర్టిఫికెట్' అన్న మాట చూసి టిక్ పెట్టేశాం. పోనీ దానికే అపోస్టిల్ ముద్ర వేయిద్దామంటే, అది ప్రభుత్వ పత్రాలకే వేస్తారు. 1969 నాటి విదేశీ వివాహ చట్టం కింద అక్కడి మన అధికారి ముందు పెళ్లి చేసుకోవాలన్నా ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులు ఆ దేశంలో ఉండాలి. మేం ఉన్నది నాలుగు రాత్రులు.

లాయర్ గారు చూపించిన దారి 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్, 15వ సెక్షన్. అంతకుముందే జరిగిన పెళ్లిని దీని కింద నమోదు చేస్తారు. కాకపోతే దరఖాస్తుకు ముందు 30 రోజులు ఇద్దరూ ఆ జిల్లాలోనే ఉండాలి. ఆపై అభ్యంతరాల కోసం 30 రోజుల నోటీసు. అంటే రెండు నెలలు! లండన్ ఆఫీసుకి మెయిల్ పెట్టి జాయినింగ్ డేట్ వెనక్కి జరపమని బతిమాలాను. హైదరాబాద్‌లో ఫ్లాట్ అప్పటికే ఖాళీ చేశాం. సూట్‌కేసులతో సహా మానవపాడు చేరాం, మా అవ్వ ఇంటికి.

కృష్ణా, తుంగభద్రల మధ్య ఉండే ఈ నేలని నడిగడ్డ అంటారు. మాది నల్లరేగడి. ఆ రోజుల్లో కల్లాల నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. జూమ్ కాల్‌లో నేను తుమ్మితే, అటువైపు వాళ్లకు అది కోరు అని చెప్పడం నా వల్ల కాలేదు. ఆదివారం బండి మీద అలంపురం వెళ్లాం. బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలు, జోగులాంబ అమ్మవారి దర్శనం అయ్యాక సంగమేశ్వరాలయం చూశాం. అది మొదట ఉన్నది అక్కడ కాదు, నదులు కలిసే కూడవెల్లిలో. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని రాళ్లు విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టారు. "దేవుడికే అడ్రస్ మార్పు తప్పలేదు, మనమెంత!" అంది నా భార్య. వారం రోజుల తర్వాత తను నవ్వడం అదే మొదటిసారి.

అసలు విషయం ఇంట్లో తెలిసింది. అవ్వకు పాస్‌పోర్టు లేదు. తీయించే ఓపిక మాకు లేకపోయింది. "లైవ్ లింక్ పంపిస్తాలే అవ్వా" అన్నాను. పెళ్లిరోజు పెద్దనాయన ఫోన్ ముందు వాకిలి జనమంతా కూర్చున్నారట. సరిగ్గా తాళి కట్టే వేళకి తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోయిందట. రెండు నెలలుగా ఆ మాట ఎవరూ నాకు చెప్పలేదు.

ఆఫీసు బోర్డు మీద నోటీసు పడ్డాక ఊళ్లో ఒకటే నవ్వులు. "నీ పెండ్లికి అడ్డం చెప్పేటోళ్లు ఎవరన్నా ఉన్నారా అని అడుగుతాన్రంట గదప్పా?" అని టీ కొట్టు దగ్గర ఆటపట్టించారు.

చివర్లో ముగ్గురు సాక్షులు కావాలన్నారు. బాలికి వచ్చిన స్నేహితులంతా బెంగళూరు, డాలస్‌లలో ఉన్నారు. పెద్దనాయన సరేనన్నాడు. పక్కింటి సారు ఆధార్ పట్టుకొచ్చారు.

"మూడో సంతకం నాది" అంది అవ్వ.

"నువ్వు పెళ్లి చూడలేదు గదా అవ్వా!"

"రెండు నెల్లు మీ కాపురం చూస్తిని గదా. పెండ్లి అందరూ చూస్తారు, కాపురం ఇంట్ల ఉన్నోళ్లే చూస్తారు."

లాయర్ గారికి ఫోన్ చేసి ఈ మాట చెప్పాను. ఆయన నవ్వి, "చట్టమూ అదే అంటుందయ్యా. పెళ్లి జరిగిందా అనే కాదు, అప్పట్నుంచి భార్యాభర్తల్లా కలిసి ఉంటున్నారా అని కూడా అడుగుతుంది" అన్నారు.

పొదుపు సంఘంలో నేర్చుకున్న సంతకం అవ్వది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, గీత దాటకుండా పెట్టింది. నాకెందుకో ఆ వేళే పెళ్లయినట్టు అనిపించింది.

విదేశంలో పెళ్లి ప్లాన్ చేస్తున్న వాళ్లకి ఒక్క మాట. వేదిక బుక్ చేసే ముందే, మీ చేతికొచ్చేది ఏ ప్రభుత్వం ఇచ్చే కాగితమో రాతపూర్వకంగా అడగండి. లేదంటే ముందు ఇక్కడే రిజిస్టర్ చేయించుకుని, ఆపై సముద్రం ఒడ్డుకు వెళ్లండి. ఇంట్లో పెద్దలుంటే, వాళ్ల పాస్‌పోర్టుకి కూడా ఆ రోజే అప్లై చేయండి.

సర్టిఫికెట్ వచ్చింది, వీసాకి పెట్టేశాం. అవ్వ మాత్రం ఒక జిరాక్స్ కావాలని పట్టుబట్టింది. ఇప్పుడది ట్రంకు పెట్టెలో, పొలం పాస్‌బుక్కు పక్కన ఉంది.