మామగారి బండి మళ్లీ కదిలింది

మా ఇండిగో మెరీనాని 2005లో మామగారు కొన్నారు. ఆయన పోయాక ఆరేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. "పాత ఇనుముకి ఇచ్చేయండి" అన్నవాళ్లే అందరూ. ఇంతలో అత్తయ్యగారికి నడక తగ్గి, చక్రాల కుర్చీ వచ్చింది. అది మా చిన్న కారు డిక్కీలో పట్టదు. మెరీనాలో అయితే వెనక తలుపెత్తి తోసెయ్యడమే!

"ముందే తాళం తిప్పెయ్యకండమ్మా" అన్నాడు మెకానిక్. పాత డీజిల్ తీసేసి ఇంజిన్ ఆయిలు, ఫిల్టర్లు, బ్యాటరీ మార్చాడు. ఎలుకలు కొరికిన వైర్లు బాగుచేశాడు. టైమింగ్ బెల్టు బండి తిరక్కపోయినా పాతబడుతుందట. టైర్లు చూడ్డానికి బాగానే ఉన్నాయి గానీ, పక్కనున్న నాలుగంకెలు చదవమన్నాడు. 1214 అంటే 2014లో 12వ వారం తయారైనవన్నమాట! నాలుగూ మార్పించాం. 15 ఏళ్లు దాటింది కనుక ఫిట్‌నెస్ చూపించి, రిజిస్ట్రేషన్ 5 ఏళ్లకి రెన్యువల్ చేయించాం.

ఖర్చు చూసి మావారు గొణిగారు. కొత్త కారు వాయిదాల లెక్క చెప్పేసరికి ఊరుకున్నారు.

ఇప్పుడు స్టీరింగ్ నాదే. పొడుగు బండి కదా, రివర్సులో కాస్త చూసుకోవాలంతే. ఫిజియోథెరపీకి వెళ్లేటప్పుడు అత్తయ్యగారు ముందు సీట్లో దర్జాగా కూర్చుని, "మీ మామయ్య ఇంత మెల్లగా తోలేవారు కాదమ్మాయ్" అంటారు!

మీ ఇంట్లోనూ బండి ఊరికే ఉంటే వారానికోసారి అలా తిప్పి రండి. నిలబెట్టిన బండికే రోగాలెక్కువ.