యజమానుల పుస్తకం

వైద్యునికి రోగి, న్యాయవాదికి కక్షిదారు, అంగడివానికి కొనుగోలుదారు. పురోహితునికి మాత్రం యజమాని. 'యజ్' ధాతువు నుండి ఏర్పడిన 'యజమాన' శబ్దానికి తన కొరకు యజ్ఞం చేసుకొనేవాడని అర్థం. వాడుకలో అదే మాట సొంతదారు అనే అర్థంలో స్థిరపడింది. ఈ రెండు అర్థాలూ ఒకచోట కలిసిన సందర్భమొకటి మా బంధువర్గంలోనే తటస్థపడింది. పాఠకులతో పంచుకోదగినదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా మేనల్లుడు కృష్ణా తీరాన ఒక పట్టణంలో పౌరోహిత్యం చేస్తున్నాడు. వృత్తి అనండి, చిన్న వ్యాపారమనండి. ఇంచుమించు నూటయాభై కుటుంబాలు, ఇద్దరు సహాయకులు. ఫోనులో పిలుపులు అందుకొని వేళలు నిర్ణయించేది అతని ఇల్లాలు. మా బావగారి హయాంలో ఈ వ్యవహారమంతా ఒక్క నోటుపుస్తకంలో ఉండేది. గోత్రం, ప్రవర, మూడు తరాల పేర్లు, గతించినవారి మాస పక్ష తిథులు, ఇంటి గుర్తు. పుస్తకం ఒకటి, వ్రాసే చేయి ఒకటి. కాబట్టి తేడా రావడానికి అవకాశమే లేదు.

చరవాణులు వచ్చాక ఆ పుటలను ఫొటోలు తీసి వాట్సాప్‌లో సహాయకులకు పంపడం మొదలయింది. పుస్తకం ఒక్కటల్లా మూడయింది. 2024 మార్గశిరంలో ఒక పెద్దాయన తల్లిగారి ఆబ్దికం. ఆ కుటుంబం ఇల్లు మారిన సంగతి ఇల్లాలి ఫోనులో ఉన్నది. సహాయకుని ఫోనులో పాత పుట ఫొటోయే ఉన్నది. అతడు తాళం వేసిన గుమ్మం ముందు నిలబడ్డాడు. ఊరి ఆ కొసన డెబ్బై దాటిన కర్త మంచినీళ్ళయినా ముట్టక, భోక్తలతో సహా ఎదురుచూస్తూ కూర్చున్నాడు. అపరాహ్ణం దాటకముందే కార్యమైతే జరిగింది గాని, ఆయన అన్న మాట మావాడిని నిద్రపోనివ్వలేదు: "ఆలస్యమైనందుకు కాదయ్యా, మూడు తరాలుగా మీరే చేయిస్తున్నారు, మా ఇల్లు మీకు తెలియకపాయెనే!"

నకలు పంపడం వేరు, పంచుకోవడం వేరు. నకలు పుట్టిన క్షణం నుండే పాతబడుతుంది. పంచుకొన్న పుస్తకం ఒక్కటే. ఒకరు దిద్దితే అందరికీ దిద్దినదే కనబడుతుంది. ఆ తరువాత మావాడు వివరాలన్నీ గూగుల్ షీట్స్‌లో ఒకే పట్టికగా చేర్చి, కార్యక్రమాల వేళలను గూగుల్ క్యాలెండర్‌లో పెట్టాడు. పట్టికను దిద్దే అధికారం దంపతులిద్దరికే. సిగ్నలు అందని పల్లెకు వెళ్ళే రోజున మాత్రం బయలుదేరే ముందే ఒకసారి తెరచి చూసుకోవాలని నియమం. అక్కడికి వెళ్ళాక మార్పులు ఫోనుకు చేరవు కదా.

అయితే ఈ క్యాలెండరుకు మన తిథులు తెలియవు. 'ప్రతి సంవత్సరం' అని నొక్కితే అది ఇంగ్లీషు తేదీనే పట్టుకొంటుంది. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులు గనుక తిథి ఏటా పదకొండు రోజుల దాకా వెనక్కు జరుగుతుంది. సుమారు రెండున్నర, మూడేళ్ళకొకసారి అధికమాసం వచ్చి ముందుకు నెడుతుంది. 2023లో అధిక శ్రావణం, 2026లో అధిక జ్యేష్ఠం. అందుచేత పట్టికలో శాశ్వతంగా ఉండేది మాసం, పక్షం, తిథి మాత్రమే. తేదీని ఏటా ఉగాదికి కొత్త పంచాంగం చూసి మావాడే స్వయంగా నింపుతాడు. గుర్తుచేయడం యంత్రం పని, నిర్ణయించడం పురోహితుని పని.

అమెరికాలోని యజమానుల విషయం మరికొంత చిక్కు. వీడియోలో కార్యం జరిపించేటప్పుడు ఇక్కడి ఉదయం ఏడు గంటలు న్యూయార్కులో వేసవిలో ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. ఆ లెక్కను క్యాలెండరు తానే సరిచేసి చూపుతుంది. అక్కడి తిథిని మాత్రం అక్కడి సూర్యోదయాస్తమయాలతో గుణించిన పంచాంగంలోనే చూడాలి.

ఇంతవరకు సౌకర్యం సంగతి. అసలు సంగతి వేరు. పురోహితుని పుస్తకంలో ఏముంటుంది? ఏ ఇంట ఎవరు గతించారో, ఏ పిల్లకు పెళ్ళి ఎందుకు ఆగిందో, ఎవరు ఏనాడు ఇల్లు తాళం పెట్టి కాశీకి వెళుతున్నారో ఉంటుంది. నోటుపుస్తకం పూజగదిలో ఉన్నన్నాళ్ళు ఆ రహస్యాలకు ఆ గదే కాపలా. అందువల్ల సహాయకులకు మొత్తం పట్టిక తెరవలేదు. ఆనాడు వెళ్ళవలసిన ఇల్లు, వేళ, కార్యం, సంకల్పానికి కావలసిన గోత్రనామాలు, ఇంతే క్యాలెండరులో కనబడతాయి. ఒక సహాయకుడు వేరే ఊరు వెళ్ళిపోయిన నాడే అతని ప్రవేశం తొలగించారు. కాని అప్పటికే ఎవరైనా నకలు తీసి ఉంచుకొంటే దానిని వెనక్కు రప్పించే ఉపాయం లేదు. ఆలోచన ఇవ్వకముందే ఉండాలి.

2025 ఆషాఢంలో పరీక్ష ఎదురయింది. ముహూర్తాలు లేని నెల, పిల్లవాడి కళాశాల రుసుము కట్టవలసిన నెల. వంటల గుత్తేదారు ఒకాయన వచ్చి, రాబోయే పెళ్ళిళ్ళ, ఉపనయనాల జాబితా ఫోన్ నంబర్లతో సహా ఇస్తే కమీషను ఇస్తానన్నాడు. చెప్పిన మొత్తం చిన్నది కాదు. మావాడు నాకు ఫోను చేసి, "ఇందులో తప్పేముంది మామయ్యా? వాళ్ళకూ వంటవాడు కావాలి కదా!" అన్నాడు. నేను నోరు తెరవకముందే వెనుక నుండి అతని ఇల్లాలి గొంతు వినబడింది: "మన ఫోనులో ఉన్నంత మాత్రాన అది మనదవుతుందా?"

2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడి, దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. ఏ ప్రయోజనానికని చెప్పి వివరాలు తీసుకొన్నామో ఆ ప్రయోజనానికే వాడాలన్నది దాని సారాంశాలలో ఒకటి. ఆ అమ్మాయి ఆ చట్టం చదవలేదు. యజమాని అనే మాటను మాత్రం సరిగ్గా చదువుకొన్నది.

జాబితా ఇవ్వలేదు. రుసుముకు అప్పు చేశారు. ఆ అప్పు తరువాతి పెళ్ళిళ్ళతో తీరింది. నెలకొకసారి పట్టికను కాగితంపై అచ్చుతీసి పూజగదిలో బావగారి పాత పుస్తకం ప్రక్కనే ఉంచుతున్నారు. ఫోను పోయినా తిథి పోకూడదు గదా! దర్జీ కొలతల పుస్తకమైనా, వైద్యుని చీటీల పుస్తకమైనా ఇదే ధర్మం వర్తిస్తుందని నా అభిప్రాయం. విజ్ఞులైన పాఠకులు తమ తమ వృత్తులలోని అనుభవాలను తెలుపగలరు.