విత్తనం, నేల, నడుం నొప్పి

సూసన్ సాంటాగ్ 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్' (1978) నేను చదివింది ఇంజనీరింగ్ అయిపోయిన కొత్తలో. జబ్బుని జబ్బుగానే చూడాలి, దానికి పోలికలు తగిలించకూడదన్నది ఆవిడ వాదం. అప్పటికే రొమ్ము క్యాన్సర్‌కి వైద్యం చేయించుకుని కూడా, ఆ పుస్తకంలో తన సంగతి ఒక్క ముక్క రాయలేదు. అది నాకు గొప్ప నిగ్రహంగా తోచింది. మా అమ్మకి అదే జబ్బు వచ్చాక మాత్రం, పోలిక లేకుండా ఈ భయం గురించి మాట్లాడడం ఎలాగో తెలియలేదు.

అమ్మది తొలి దశే. రెండు సెంటీమీటర్లలోపు గడ్డ, చంకలో గ్రంథులకి పాకలేదు, హార్మోన్ పాజిటివ్. ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి. ఇప్పుడు రోజుకో లెట్రోజోల్ మాత్ర, అయిదేళ్ళ పాటు. చుట్టాల లెక్కలో అమ్మకి "తగ్గిపోయింది". సబ్బవరంలో ఒక్కర్తీ ఉండే ఆవిడ లెక్క వేరు. రాత్రి పదింటికి హైదరాబాద్‌లో నాకు ఫోనొస్తుంది. "నడుం లాగేస్తందిరా. అది గాని ఎముకల్లోకి దిగిపోనాదేటి?"

కొట్టిపారేసే ప్రశ్న కాదు. రొమ్ము క్యాన్సర్ పాకితే వెళ్ళే చోట్లలో ఎముకలే ముందుంటాయి. మరోపక్క, లెట్రోజోల్ వాడేవాళ్ళలో చాలామందికి కీళ్ళ నొప్పులు మామూలు. అంటే జబ్బు తిరగబెట్టకుండా వేసుకునే మాత్రే, తిరగబెట్టిందేమోనన్న అనుమానాన్ని రోజూ పుట్టిస్తుంది.

స్కాన్ తీయించేస్తే పోలా? నేనూ అదే అడిగాను. మానిటరింగ్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదన్నది మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ మతం. డాక్టరుగారు అమ్మ వెన్నుపూసని నొక్కి చూసి, నడిపించి చూసి, ఇప్పుడు అక్కర్లేదన్నారు. రెండు మూడు వారాలైనా తగ్గకుండా, పడుకున్నా వదలకుండా పెరుగుతూ పోతే మాత్రం వెంటనే రమ్మన్నారు. నాకు నమ్మకం కుదరక వెతికితే 1994 నాటి ఇటలీ అధ్యయనం దొరికింది. తొలి దశ వైద్యం అయిన 1,320 మంది స్త్రీలు. కొందరికి ఎముకల స్కాన్లు, ఎక్స్‌రేలు, రక్త పరీక్షలు క్రమం తప్పకుండా చేశారు. మిగతావాళ్ళకి మామోగ్రామ్, డాక్టరు చూడడం, అవసరమైతేనే పరీక్షలు. బతికిన కాలంలో తేడా రాలేదు. అప్పటికీ ఇప్పటికీ మందులు మారాయి, నిజమే. అయినా లక్షణాల్లేని వాళ్ళకి స్కాన్లు వద్దనే ఇప్పటికీ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఆ వెతుకులాటలోనే స్టీఫెన్ పాజెట్ తగిలాడు. లండన్ సర్జన్. రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది వివరాలు పరిశీలించి 1889లో ఒక వ్యాసం రాశాడు. జబ్బు ఎక్కడ పడితే అక్కడికి పోదు, విత్తనంలాగే తనకి పడే నేల ఉండాలన్నాడు. వ్యవసాయం తెలిసిన మనిషి కదా అని అమ్మకి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే తుంగ లాటిదన్నమాట. పైన పీకేసినా కింద గడ్డ ఉండిపోద్ది. ఎన్నాళ్ళకో వాన పడితే లేస్తది" అంది.

2017లో వచ్చిన ఒక విశ్లేషణ గురించి ఆవిడకి నేను చెప్పలేదు. అమ్మలాంటి చిన్న గడ్డ ఉన్నవాళ్ళలో కూడా, అయిదేళ్ళు మాత్రలు వాడి ఆపేశాక, తర్వాతి పదిహేనేళ్ళలో 13 శాతం మందికి వేరే అవయవాల్లో తేలిందని అందులో ఉంది. ఆ అంకె లేకుండానే ఆవిడ తుంగ దగ్గరికి వచ్చేసింది.

నేను మాట మార్చలేదు. మెనోపాజ్ తర్వాత కూడా ఒంట్లో కొద్దిగా తయారయ్యే ఈస్ట్రోజెన్‌ని ఆ మాత్ర ఆపుతుందనీ, అంటే మదుం మూసి నీళ్ళు కట్టేయడమేననీ చెప్పాను. "మరి నేల బీటలివ్వదేటి?" అంది. ఇస్తుంది. లెట్రోజోల్‌తో ఎముకలు పలచబడతాయి, అందుకే కాల్షియం, అందుకే డెక్సా స్కాన్. సాంటాగ్ ఈ సంభాషణని ఒప్పుకోకపోవచ్చు. యుద్ధం భాష మీద ఆవిడ కోపం న్యాయమైనదే గానీ, పొలం భాషలో మా అమ్మ డాక్టరుకంటే సూటి ప్రశ్నలు వేస్తోంది.

నడుం నొప్పి పన్నెండో రోజుకి తగ్గింది. మొదలైన రోజూ పోయిన రోజూ వంటింటి క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంది. ఇప్పుడు కుడి మోకాలు. ఇవాళ్టికి నాలుగో రోజు.