పావగడకు ముందు కావలసింది మంచినీళ్లు

కర్ణాటకలోని పావగడ తాలూకాలో డాక్టరు దగ్గరికి వచ్చే నడుము నొప్పులు, కీళ్ల నొప్పులు అన్నీ వయసు తెచ్చినవి కావు. నడివయసులోనే మెడ తిప్పలేని, గొంతుక్కూర్చోలేని కూలిమనిషి నోరు తెరిస్తే పళ్ల మీద గోధుమరంగు చారలుంటాయి. ముంజేతి ఎక్స్‌రే తీస్తే రెండు ఎముకల మధ్య పొరకు సున్నం పట్టి ఉంటుంది. ఇది ఫ్లోరోసిస్. వానలు తక్కువైన ఈ నేలలో బోర్లు లోతుకు పోయేకొద్దీ, గ్రానైటు రాళ్ల మధ్య చాలాకాలం నిలిచిన నీళ్లు పైకొస్తాయి. వాటిలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు, ఎముకలు దెబ్బతింటాయి. అలా బిగుసుకుపోయిన ఎముకను మామూలు చేసే మందు లేదు. ఈ జబ్బు కొత్తదీ కాదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతంలో దీన్ని 1937 నాటికే వైద్యులు గుర్తించి రాశారు.

నయం కాని జబ్బుకు ఖర్చు మాత్రం ఆగదు. నొప్పి మాత్రలు, ఇంజెక్షన్లు, ఎక్స్‌రేలు, కూలి పోగొట్టుకుని తుమకూరుకో హిందూపురానికో అనంతపురానికో బస్సు ఛార్జీలు. విడవకుండా మింగిన నొప్పి మాత్రలు కడుపునో మూత్రపిండాలనో దెబ్బతీస్తే దానికి మళ్లీ వైద్యం. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ - ఆరోగ్య కర్ణాటక పథకం పేద కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్స ఇస్తుంది. అది ముఖ్యంగా ఆస్పత్రిలో చేరినవారికి. మందుల షాపు బిల్లుకు, బస్సు టికెట్టుకు ఆ పథకం కార్డు అక్కరకు రాదు. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో మొత్తం వైద్య ఖర్చులో జనం చేతి నుంచి పెట్టుకున్నది 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. తగ్గిన మాట నిజమే. ఫ్లోరోసిస్ రోగి ఖర్చు చాలావరకు ఆ మిగిలిన 39 శాతంలోనే పడుతుంది.

మంచినీళ్లు ఇవ్వడం ఆరోగ్యశాఖ పని కాదని కొందరంటారు. కానీ ఫ్లోరోసిస్ నివారణకు కేంద్ర ఆరోగ్యశాఖే 2008-09లో జాతీయ కార్యక్రమం పెట్టింది. జబ్బును గుర్తించే శాఖ, దాని మూలాన్ని తీసే శాఖ విడివిడిగా నడిస్తే రోగుల జాబితా పెరగడమే మిగులుతుంది. ఊళ్లో నీళ్లు శుద్ధి చేసే ఆర్‌ఓ ప్లాంటు ఉంది కదా అన్నది రెండో మాట. తాగేది ప్లాంటు నీళ్లే అయినా సంగటి, పప్పు బోరు నీళ్లతో వండితే ఫ్లోరైడు లోపలికి పోతూనే ఉంటుంది. కాచినా అది పోదు. పైగా ఆ బిందె నీళ్లూ కొనుక్కోవలసిందే. తుంగభద్ర నది నీళ్లను ఇంత దూరం తేవడం తలకు మించిన ఖర్చు అన్నది మూడో మాట. పైపులైను ఖర్చు ఒకసారి కళ్లకు కనిపిస్తుంది. నొప్పి మాత్రల ఖర్చు ఇంటింటా తరాల తరబడి పడుతుంది, ఏ బడ్జెట్టులోనూ కనిపించదు.

గుండె ఆపరేషనుకు, క్యాన్సరుకు కార్డు ఉండాల్సిందే, దాన్ని తగ్గించమని ఎవరూ అనరు. అయితే పావగడలో ఆరోగ్య పథకం గెలిచిందో లేదో ఎన్ని కార్డులిచ్చారన్నదాన్ని బట్టి తేల్చకూడదు. నది నీళ్లు ప్రతి పల్లెకూ రోజూ చేరుతున్నాయా, బడిపిల్లల పళ్ల మీద చారలు తగ్గుతున్నాయా అన్నవే కొలతలు. పంచాయతీలు ప్రతి బోరు ఫ్లోరైడు లెక్కను ఊరి గోడ మీద రాయించాలి. నది నీళ్లు చేరేవరకు వంటకు కూడా మంచినీళ్లే వాడండి.